ధైర్యం ముందు రాలేదు, పని మొదలుపెట్టాక వచ్చింది

పోయిన వారం నాతోపాటు కాశీబుగ్గలో ప్రైవేటు స్కూల్లో పనిచేసిన ఒక చెల్లెలు ఫోన్ చేసింది. తను డీఎస్సీకి, అంటే ప్రభుత్వ టీచర్ ఉద్యోగాల పరీక్షకి చదువుతోంది, ఏడేళ్లు నేనూ దాని వెంటే పడ్డాను. "అక్కా, ఏడేళ్లు అంత పాజిటివ్‌గా ఎలా ఉండగలిగావు? నాకైతే పుస్తకం తెరిస్తేనే గుండె దడ వచ్చేస్తోంది" అంది. నాకు వెంటనే మాట రాలేదు. ఎందుకంటే నేను ఏడేళ్లూ పాజిటివ్‌గా లేను. అందులో మూడేళ్లు పూర్తిగా పడిపోయి ఉన్నాను. పొద్దున్న లేవడం, బడికి వెళ్లడం, వచ్చి వండడం, పడుకోవడం, అంతే. ఫోన్లో అదంతా చెప్పడం కుదరక "బాగా చదువు చెల్లీ" అని పెట్టేశాను, పెట్టేశాక చాలా బాధగా అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆ చెల్లెలి కోసం, ఇంకా ఆమెలాగే టెక్కలిలోనో రాజాంలోనో బొబ్బిలిలోనో పగలంతా పాఠాలు చెప్పి, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి పదింటికి బిట్లు ముందేసుకుని కూర్చునే వాళ్లందరి కోసం.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు పుట్టినవాళ్లకి కొబ్బరి చెట్టంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు, ఇంటికి పెద్ద కొడుకు అంటారు మా దగ్గర. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదుగా తీరం దాటింది. గంటకి 140 కిలోమీటర్లు దాటిన గాలి. ఆ చప్పుడు విన్నవాళ్లు ఎవరూ మర్చిపోరు, నేను చెప్పినా వినని వాళ్లకి అర్థం కాదు. తెల్లారాక తలుపు తీసి చూస్తే ఆకాశం కనిపించింది. అంతకు ముందు మా వాకిట్లోంచి ఆకాశం అంత కనిపించేది కాదు, అంతా కొబ్బరి మట్టలే. మా నాన్నకి ఎకరంన్నర తోట, తొంభై చెట్లు, మిగిలి నిలబడినవి పదకొండు. జీడి చెట్లయితే వేళ్లతో సహా పైకి లేచిపోయాయి.

నాన్న రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పడిపోయిన ఒక చెట్టు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటూ ఉండిపోయారు. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు, ఊళ్లో అందరిదీ అదే పరిస్థితి కాబట్టి ఎవరినీ ఎవరూ ఓదార్చే పని కూడా లేదు. మూడో రోజు పొద్దున్న ఆయన గోనెసంచి పట్టుకుని తోటలోకి వెళ్లి, పడిపోయిన చెట్ల గెలల్లోంచి బాగా ముదిరిన కాయలు ఏరడం మొదలుపెట్టారు. ఒక్కో కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల నీళ్ల చప్పుడు విని, కొన్ని పక్కన పెట్టి, కొన్ని సంచిలో వేసుకున్నారు. వాటిని తెచ్చి బావి పక్క ఇసకలో సగం పూడ్చి, పైన మట్టలు కప్పి, నీళ్లు చల్లారు. తాగడానికే నీళ్లు లేని రోజుల్లో. నాకు కోపం కూడా వచ్చింది.

"ఏటి నాన్నా ఇది" అన్నాను.

"సెట్టు సచ్చిపోనాది గానీ కాయ బతికే ఉంది కదే అమ్మీ" అన్నారు.

"ఇవి మొక్కలై, చెట్లై, కాసేసరికి నీకు డెబ్బై వచ్చేస్తాయి."

"ఊరకే కూకుంటే మాత్రం డెబ్బై రావేటి?"

ఆ మాట ఆరోజు నాకు ఎక్కలేదు. ఇప్పుడు ఎవరైనా పాజిటివ్ యాటిట్యూడ్ అంటే నాకు గుర్తొచ్చేది ఆ కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపిన మా నాన్న చెయ్యి. ఆయన మొహంలో నవ్వు లేదు. "అంతా మంచికే" అనే మాట ఆయన నోట నేను వినలేదు. తోట పోయిందని ఆయనకి తెలుసు, రాత్రిళ్లు ఏడ్చారు కూడా, అమ్మ చెప్పింది. అయినా పొద్దున్న లేచి కాయలు ఏరారు.

ఆ నెలాఖర్లోనే డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. నేను వమరవల్లి డైట్‌లో (ప్రభుత్వ టీచర్ ట్రైనింగ్ కాలేజీ) చదివి అప్పటికి కొన్నేళ్లు, పాప పుట్టింది, మా ఆయన వైజాగ్‌లో వెల్డింగ్ పని. కరెంటు వచ్చీ పోయీ ఉన్న ఇంట్లో, చుట్టూ పడిపోయిన చెట్లని రంపాలతో కోస్తున్న చప్పుళ్ల మధ్య చదివాను. 2019 జనవరిలో ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల టీచర్ పోస్టు పరీక్ష రాశాను. రెండు మార్కుల లోపు తేడాతో పోయింది.

రెండు మార్కులు అంటే వినేవాళ్లకి చిన్నగా ఉంటుంది. ఇరవై మార్కులతో పోతే బాధ తక్కువ, నిజంగా. రెండు మార్కులతో పోతే ప్రతి రాత్రీ ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయో వెతుక్కుంటాం. నాకు జరిగింది అదే, వెతికి వెతికి చివరికి నేను తేల్చుకున్నది "నాకు బుర్ర లేదు" అని. తర్వాత 2020లో కరోనా, స్కూలు మూతపడింది, జీతం ఆగిపోయింది. అమ్మతో పాటు జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లడం మొదలుపెట్టాను. పలాస, కాశీబుగ్గల్లో ఆ పని తెలియని ఇల్లు తక్కువ. పప్పు మీద ఎర్రటి పొట్టు ఉంటుంది, గోటితో, చిన్న చాకుతో తీయాలి, పప్పు విరగకూడదు. విరిగితే గుండు కాస్తా బద్ద అవుతుంది, బద్ద ముక్క అవుతుంది, రేటు పడిపోతుంది. నేను తట్ట నిండా ఉన్న పప్పు చూసి, అమ్మో ఇదంతా ఎప్పటికి అవుతుంది అని కంగారుపడి, కంగారులో విరగ్గొట్టేదాన్ని. అమ్మ తట్ట వంక చూసేదే కాదు. వేళ్ల మధ్య ఉన్న పప్పు చూసేది, అది కింద వేసి ఇంకోటి తీసేది. మధ్యాహ్నానికి ఆమెది నాకు రెండింతలు, అందులో గుండే ఎక్కువ.

పని చేస్తూ అనుకునేదాన్ని, నా బతుకు ఇంతే అని. పుస్తకాలన్నీ కట్టకట్టి అటక మీద పెట్టేశాను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. డీఎస్సీ రాసేవాళ్లకి సైకాలజీలో పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, కోహ్లర్ చింపాంజీ అన్నీ బట్టీయే. బిట్టుకి పనికొచ్చేంత వరకే చదువుతాం. ఇంకో కుక్కల ప్రయోగం ఉంది, అది నేను ఆలస్యంగా చదివాను, చదివాక చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. 1960ల్లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు చేసింది. కొన్ని కుక్కలకి తప్పించుకునే దారి లేకుండా కరెంటు షాకులిచ్చారు. (ఇప్పుడు అలాంటి ప్రయోగాలు చేయనివ్వరు, చేయకూడదు కూడా.) తర్వాత వాటిని ఒక పెట్టెలో పెట్టారు, మధ్యలో చిన్న అడ్డు, దూకితే అటువైపు షాకు ఉండదు. మామూలు కుక్కలు దూకేశాయి. అంతకు ముందు తప్పించుకోలేక దెబ్బ తిన్నవాటిలో చాలా కుక్కలు దూకే ప్రయత్నమే చేయలేదు, మూలుగుతూ అక్కడే పడుకున్నాయి. అడ్డు చిన్నదే, కానీ వాటికి అది కనపడలేదు.

దీన్ని నేర్చుకున్న నిస్సహాయత అన్నారు. దెబ్బలు తిని తిని, ఏం చేసినా లాభం లేదని జీవి నేర్చుకుంటుంది అని దాదాపు యాభై ఏళ్లు అందరూ చెప్పారు. 2016లో ఆ ఇద్దరే మళ్లీ రాశారు, మేం చెప్పింది తలకిందులైంది అని. చాలాకాలం దెబ్బ తగిలితే చేతులు వేలాడేయడం మెదడుకి పుట్టుకతో ఉన్న స్పందనే, దాన్ని ఎవరూ నేర్చుకోనక్కర్లేదు. నేర్చుకోవాల్సింది రెండోది, "నేను చేసేదాని వల్ల ఇక్కడ ఏదో మారుతుంది" అనేది. అది మెదడు పనిగట్టుకుని నేర్చుకుంటుంది, నేర్చుకున్నాక ఆ మొదటి స్పందనని అణచగలుగుతుంది.

నాకు ఇది చదివాక ఎంత ఊరటో చెప్పలేను. అంటే నేను అటక మీద పుస్తకాలు పెట్టేయడం నా చేతకానితనం కాదు, ఎవరైనా అలాగే అవుతారు. అలాగని అక్కడే ఉండిపోనక్కర్లేదు కూడా, రెండోది నేర్చుకోవచ్చు. ఎలా నేర్పారో ఆ కుక్కలకి? మంచి మాటలు చెప్పి కాదు, అవతల మాంసం పెట్టి పిలిచినా అవి రాలేదు. మెడకి తాడు కట్టి అడ్డు మీదుగా అవతలికి లాగారు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. మొదట బరువుగా ఈడ్వాల్సి వచ్చింది, పోనుపోను తేలికైంది, ఆ తర్వాత అవే దూకాయి.

నన్ను అలా లాగినవారు మా వీధిలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు. 2021లో, కరోనా రెండోసారి తగ్గాక, ఒకరోజు ఫ్యాక్టరీ నుంచి వస్తుంటే ఆపి "రేపు సాయంత్రం అయిదున్నరకి ఇంటికి రా అమ్మా. పుస్తకాలు తేవద్దు, పెన్ను తే" అన్నారు. "నోటిఫికేషనే లేదు కదా మాస్టారూ" అన్నాను. "నోటిఫికేషన్ సంగతి నాకు తెలీదు, పెన్ను సంగతి చెప్పాను" అన్నారు. వెళితే ఇరవై బిట్లు చేతిరాతతో రాసిన కాగితం ఇచ్చారు. తొమ్మిది కరెక్టు. ఏమీ అనలేదు, రేపు రా అన్నారు. రెండు రోజులు వెళ్లి మానేశాను, మూడో రోజు మనవణ్ణి సైకిల్ మీద పంపారు. తలనొప్పి అన్నాను, మర్నాడు మళ్లీ పంపారు. మూడు వారాల పాటు ఆ సైకిల్ బెల్లు వింటే నాకు విసుగు వచ్చేది. ఆ తర్వాత ఒకరోజు ఆ కుర్రాడికి జ్వరం, బెల్లు వినపడలేదు, అయిదున్నరకి నేనే చెప్పులేసుకుని బయల్దేరాను. గుమ్మం దాటాక గానీ గమనించలేదు ఎవరూ పిలవలేదని.

ఉత్సాహం వస్తే చదువుతాను అని చాలామంది కూర్చుంటారు, నేనూ కూర్చున్నాను. నా అనుభవంలో ఉత్సాహం పదిహేనో బిట్టు దగ్గర వస్తుంది, మొదటి బిట్టు ముందు రాదు.

మాస్టారు ఇంకో పని చేయించారు, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది అదే. ఒక నోట్‌బుక్ ఇచ్చి, తప్పయిన బిట్లు మాత్రమే అందులో రాయమన్నారు. పక్కన ఎందుకు తప్పయిందో రాయాలి. తెలియదా, చదివి మర్చిపోయావా, తెలిసీ తొందరపడ్డావా. నిజం రాయాలి, నీకోసమే కాబట్టి నిజమే రాయి అన్నారు. రెండు నెలలయ్యాక ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. తెలియక తప్పయినవి నేను అనుకున్నదాంట్లో సగం కూడా లేవు. ఎక్కువ తప్పులు ఒకే చోట, "కింది వాటిలో సరికానిది ఏది" అని అడిగిన బిట్లలో. నేను ఆ "కానిది" చదవకుండా, మొదట కనిపించిన సరైన జవాబు పెట్టేసి ముందుకు పోతున్నాను. ఎన్నాళ్లుగా చేస్తున్నానో అలా!

ఆ రాత్రి నేను నిద్రపోలేదు, ఈసారి సంతోషంతో. "నాకు బుర్ర లేదు" అన్నదానికి చేసేదేమీ లేదు. "నేను కానిది అనే మాట చదవట్లేదు" అన్నదానికి చేసేది ఉంది, ఆ మాట మీద వేలు పెట్టి చదివితే సరిపోతుంది. సెలిగ్మన్ తర్వాత చెప్పింది కూడా ఇదే. ఓడిపోయినప్పుడు మనిషి తనకి తాను చెప్పుకునే కారణంలో ఉంటుంది అంతా. ఎప్పటికీ ఇంతే, అన్నిట్లోనూ ఇంతే, నేనే ఇంత అనుకునేవాడు లేవలేడు. ఈసారి, ఈ విషయంలో, ఈ పొరపాటు వల్ల అనుకునేవాడు లేస్తాడు. దానికి మంచి మనసు ఒక్కటే చాలదు, తన తప్పుని దగ్గరగా చూసే నిజాయితీ కావాలి. ఆశావాదం అంటే కళ్లు మూసుకోవడం అనుకుంటారు చాలామంది. నాకు తప్పుల పుస్తకం తెరిచాకే ఆశ పుట్టింది.

ఇంకో సంగతి. నోటిఫికేషన్ నా చేతిలో లేదు. పోస్టులు ఎన్నో నా చేతిలో లేదు. మరి ఏముంది? టెట్, అంటే టీచర్ అర్హత పరీక్ష ఉంది. డీఎస్సీలో టెట్ మార్కులకి 20 శాతం వెయిటేజీ కదా. నాకు పాత టెట్‌లో 150కి 98. 2022 ఆగస్టు టెట్ మళ్లీ రాస్తే 113 వచ్చాయి. 2024 అక్టోబరులో 127. 98కి వెయిటేజీ 13.07, 127కి 16.93. దాదాపు నాలుగు మార్కులు, అంటే అర మార్కు చొప్పున ఎనిమిది బిట్లు, అసలు పరీక్ష హాల్లో అడుగు పెట్టకముందే. రెండు మార్కులతో ఓడిపోయిన మనిషికి అది ఎంత బలమో ఆలోచించండి. "టెట్ పాసయ్యావు కదా, మళ్లీ ఎందుకు ఫీజు దండగ" అని చుట్టాలు అన్నారు. అన్నీ సర్దుకుంటాయి అని ఊరుకుని ఉంటే ఆ నాలుగు మార్కులు వచ్చేవి కావు.

మధ్యలో ఒక కోచింగ్ క్లాసులో వ్యక్తిత్వ వికాసం మీద ఒకాయన మాట్లాడారు. అందర్నీ కళ్లు మూసుకోమని, మీరు ప్రభుత్వ బడిలో కుర్చీలో కూర్చున్నట్టు, పిల్లలు లేచి నమస్కారం పెడుతున్నట్టు రోజూ పడుకునే ముందు పావుగంట ఊహించుకోండి, విశ్వం మీకు ఇచ్చేస్తుంది అన్నారు. నేనూ చేశాను కొన్నాళ్లు. చాలా హాయిగా ఉంటుంది, అదే దాంతో ఇబ్బంది. గాబ్రియెల్ ఓటింజెన్ అనే జర్మన్ సైకాలజిస్టు ఉద్యోగాలు వెతుక్కుంటున్న పట్టభద్రుల్ని రెండేళ్లు గమనిస్తే, మంచి ఉద్యోగం గురించి తియ్యటి ఊహల్లో ఎక్కువగా గడిపినవాళ్లు తక్కువ దరఖాస్తులు పెట్టారు, వాళ్లకి వచ్చిన ఉద్యోగాలూ తక్కువ, జీతాలూ తక్కువ. ఊహలోనే సగం దక్కేస్తే లేచి చేయాలనిపించదు. ఆమె చెప్పే పద్ధతి వేరు, కోరుకున్నది తలుచుకో, వెంటనే దానికి నీలో అడ్డుపడుతున్నది ఏమిటో కూడా తలుచుకో, ఆ అడ్డు ఎదురైతే ఏం చేస్తావో ముందే అనుకో. నాకు అడ్డు రాత్రి తొమ్మిది తర్వాత చేతిలో ఫోను. తొమ్మిదవగానే ఫోను బియ్యం డబ్బా మీద పెట్టి, వంటగది లైటు ఆర్పేసేదాన్ని. ఇంత చిన్న విషయం చెప్పడం ఎందుకు అనుకోకండి, నాకు రోజుకి గంటన్నర దొరికింది దాంతో.

2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది, ఊళ్లో మిఠాయిలు పంచినంత పనైంది, ఎన్నికలు రావడంతో పరీక్ష ఆగిపోయింది. ఆరోజు సాయంత్రం మాస్టారింటికి వెళ్లి ఊరికే కూర్చున్నాను. ఆయన బిట్లు ఇవ్వలేదు. కరణం మల్లీశ్వరి గురించి చెప్పారు. మాస్టారిది ఆమదాలవలస వైపు, ఊసవానిపేట పక్కనే, ఆ అమ్మాయి పతకం తెచ్చిన రోజు వాళ్లవైపు పండగ చేసుకున్నారట. 2000 సెప్టెంబరు 19, సిడ్నీ ఒలింపిక్స్, వెయిట్‌లిఫ్టింగ్‌లో 69 కిలోల విభాగం, బరువెత్తే రెండు పద్ధతుల్లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. "అందరూ కాంస్యం గురించి చెబుతారమ్మా, ఆఖరిసారి ఎంత అడిగిందో చెప్పరు" అన్నారు. క్లీన్ అండ్ జర్క్‌లో 137.5 అడిగింది. మొదటి రెండు స్థానాల వాళ్లవి మొత్తం 242.5. ఆ బరువు లేస్తే బంగారం, లేవలేదు. "లేవకపోవచ్చని ఆమెకి తెలీదా? తెలిసీ గెలిచేదే అడిగింది" అని ఊరుకున్నారు. కాసేపాగి, రేపు అయిదున్నరకి అన్నారు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. పాజిటివ్‌గా ఉంటే అన్నీ జరుగుతాయి అని ఎవరైనా అంటే నాకు మా పెదనాన్న గుర్తొస్తారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని తినేసిందో చెప్పనక్కర్లేదు, కారణం ఇదీ అని ఇంకా తేలనే లేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి, పెదనాన్న డయాలిసిస్‌కి వెళ్తారు. అలాంటి మనిషికి "ధైర్యంగా ఉండు, తగ్గిపోతుంది" అని చెప్పడం నాకు నచ్చదు. తగ్గదు, ఆయనకి తెలుసు. జబ్బు వచ్చింది మనసు బాగోలేక కాదు, మనసు బాగుంటే పోయేదీ కాదు. ఆయన చేసేది ఒకటుంది. డాక్టరు రోజుకి ఇన్ని నీళ్లే తాగాలి అన్నారు. పొద్దున్నే ఒక సీసాలో ఆ కొలతకి నీళ్లు పోసుకుంటారు, కాఫీ తాగితే అన్ని నీళ్లు సీసాలోంచి మొక్కకి పోసేస్తారు, మజ్జిగ తాగితే మళ్లీ అంతే. రాత్రికి సీసా ఖాళీ. ఎండాకాలంలో కూడా నేను ఆ లెక్క తప్పడం చూడలేదు. ఆ సీసా నీళ్లతో పెరిగిన కరివేపాకు మొక్క ఇప్పుడు నడుం ఎత్తు ఉంది. జబ్బు ఆయన చేతిలో లేదు, సీసా ఉంది.

2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులకి మెగా డీఎస్సీ వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుని 160 బిట్లు, ప్రతి "కానిది" మీదా స్క్రీన్ మీద వేలు పెట్టాను, ఇన్విజిలేటర్ ఒకటి రెండుసార్లు చూశారు కూడా. ఉద్యోగం వచ్చింది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, అంతే, ఏమీ అనలేదు. మా నాన్న నాటిన మొక్కల్లో కొన్ని ఆ ఏడే గెల వేశాయి. ఆయనకి ఇంకా డెబ్బై రాలేదు.

పోస్టింగు మెళియాపుట్టి మండలంలో, కొండ కింద చిన్న బడి. పిల్లలు ఎక్కువమంది సవర గిరిజనులు. ఇంట్లో సవర భాష, బడిలో తెలుగు. మొదటి వారం ఒకటో తరగతి పిల్లలు నా మొహం చూస్తూ కూర్చున్నారు, నేను వాళ్ల మొహాలు చూస్తూ నిలబడ్డాను. మళ్లీ ఆ పాత గొంతు వినిపించింది లోపల, నీ వల్ల కాదు అని. ఉద్యోగం వచ్చేస్తే ఆ గొంతు పోతుందనుకున్నాను, పోలేదు.

గిడుగు రామమూర్తి గారు ఇక్కడివారే. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని దండలు వేస్తాం, వ్యావహారిక భాష కోసం పోరాడారని పాఠం చెబుతాం. నాకు ఆయన చేసిన ఇంకో పనే ఎక్కువ దగ్గరగా ఉంటుంది. పదిహేడేళ్లకి పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు, మా బడికి పెద్ద దూరం కాదు, ఒడిశా సరిహద్దు దాటితే అదే. చుట్టుపక్కల సవరలని చూసి వాళ్లకి వాళ్ల భాషలో చదువు చెప్పాలనుకున్నారు. ఆ భాషకి వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, చదివి నేర్చుకోవడానికి ఒక్క పుస్తకం లేదు. రెండు భాషలూ వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాటా అడిగి నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్ వల్ల చెవులు పోయాయి, మళ్లీ రాలేదు. చెవితో విని రాసుకోవాల్సిన భాష, చెవులే పోయాయి. అయినా 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వచ్చాయి. అప్పటికి ఆయనకి డెబ్బై అయిదేళ్లు. ఇది చదివాక "నాకు సవర రాదు కదా, ఏం చేయను" అని నేను హెడ్మాస్టరుగారికి చెప్పలేకపోయాను.

ఒక కొత్త నోట్‌బుక్ తీశాను. ఒకవైపు తెలుగు మాట, ఎదురుగా పిల్లలు చెప్పిన సవర మాట, నాకు వినపడినట్టు తెలుగు లిపిలో. రోజుకి పది. నీళ్లు, అన్నం, ఇల్లు, కుక్క, కొండ, అమ్మ. మర్నాడు పొద్దున్న ప్రార్థన అయ్యాక నేను చదవాలి, పిల్లలు వినాలి. మూడో తరగతి పిల్లాడు ఒకడున్నాడు, తెలుగు పాఠంలో నోరు విప్పేవాడు కాదు. వాడికి ఎర్ర పెన్ను ఇచ్చాను. నేను సరిగా పలికితే టిక్కు, లేకపోతే ఇంటూ పెట్టాలి. మొదటి రోజు భయపడ్డాడు, టీచర్ పుస్తకంలో ఇంటూ పెట్టొచ్చా అన్నట్టు చూశాడు. పెట్టు అన్నాను. ఇప్పుడు నేను తప్పు పలికితే నా నోటి వైపు చూపించి, తన నోరు పెద్దగా తెరిచి, నాలుక ఎక్కడ పెట్టాలో చూపిస్తాడు, వచ్చేదాకా వదలడు.

నిన్న పదిలో నాలుగు ఇంటూలు. అందులో ఒకటి మొన్న కూడా తప్పిందే. దాని చుట్టూ వాడు గుండ్రంగా గీత గీసి, "రేపు మళ్లీ, టీచర్" అన్నాడు, తెలుగులో.